తొలి చుక్క నా చెవిలోనే

"చిన్నప్పుడు చెవిలో నూనె పోసేవాళ్ళా అమ్మా?" అని అడిగింది సూర్యాపేటలో ఆ చెవి డాక్టరమ్మ. పెన్ను అంత సన్నటి గొట్టం నా ఎడమ చెవిలో పెట్టి, ఎదురుగ ఉన్న తెర మీద చూస్తున్నది. నేను గూడ చూస్తున్న. డెబ్బై ఏండ్లు దాటినంక నా చెవి లోపల ఎట్లుంటదో మొదటిసారి చూసుడు. ఎర్రగ, తడిగ, ఒక పొర. ఆ పొర నడుమ బొక్క. పాత గొడుగు గుడ్డ చిరిగితే ఎట్లుంటదో గట్ల. "పోసేటోళ్ళు" అన్న. "ఎవరు?" అన్నది. "మా మేనత్త" అన్న. డాక్టరమ్మ తల ఊపి కంప్యూటర్ల ఏందో కొట్టుకున్నది. ఆ తల ఊపుడు చూసి నాకు ఒళ్ళు మండింది. "అంటే మా అత్త నూనెతోనే బొక్క పడ్డదంటవా?" అని నిలదీసిన. ఆమె నెమ్మదస్తురాలు. "ఇప్పుడే ఏం చెప్పలేనమ్మా. ముందు చీము ఆరనీ. స్కానింగ్ తీద్దాం. తర్వాత ఆపరేషన్ సంగతి చూద్దాం" అని చుక్కల మందు రాసిచ్చింది.

మందు కొనుక్కొని ఇంటికి వచ్చిన గని కాలు ఒక్కకాడ నిలువలేదు. వంటింట్లకు పోవుడు, ఎందుకు పోయిన్నో యాదికి రాక మళ్ళ వాకిట్లకు వచ్చుడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి మంట పెట్టుడు మరిచిన. ఆపరేషన్ గురించి కాదు నా పరేషాన్. ఈ వయసుల ఒక చెవి వినపడితే ఎంత, వినపడకపోతే ఎంత. మా అత్త ముత్తమ్మ పోయి చానా ఏండ్లయింది. నా చెవిని తన చేతులతోనే పాడుచేసిన్నన్న బాధ పెట్టుకొనే పోయిందని నేను ఇన్నేండ్ల నుంచి అనుకుంటున్న. ఆ బొక్క నూనెతో పడ్డదా, అంతకుముందే ఉన్నదా? నాకు తేలాల్సింది గదొక్కటే.

మాది నేరేడుచర్ల దిక్కు ఒక పల్లె. అమ్మ కాన్పుల పోతే నాయిన నన్ను మిర్యాలగూడల ఉన్న తన అక్క ఇంట్ల దింపి పోయిండు. అప్పుడు నాకు పాలపండ్లు ఊడుతున్నయి. మామ రైసుమిల్లుల హమాలీ. మిల్లు గోడనానుకొని రెండు అర్రల ఇల్లు. ఆ ఇంటికి తలుపులు మూసినా తెరిచినా తౌడు వాసనే. బువ్వల తౌడు, బొంతల తౌడు, తల దువ్వితే దువ్వెనకు తౌడు. అత్త బిడ్డ యాదమ్మ అప్పటికి ఇంకా పాలు తాగే పిల్ల. పొద్దున లేస్తే నాకు ఆ పిల్లను ఎత్తుకునుడే పని. బడికి పంపిచ్చిండ్రు గని నిలువలేదు. పంతులు నాకు ఎడమదిక్కు నిలబడి పిలిచేటోడు, నేను పలికేదాన్ని కాదు. "మొద్దు ముండ" అన్నడు. మొద్దును కాదు, వినపడలేదు అని చెప్పే తెలివి నాకు లేదు, అడిగే తెలివి ఆయనకు లేదు. అట్ల నా చదువు ఖతమైంది.

అత్త చెవి నూనెకు ఆ పేట అంత పేరు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చినంక ఆ పేరు ఇంకింత పెరిగింది. ఎందుకంటే కాలువ వచ్చింది, కాలువతో వరి వచ్చింది, ఇంకిన్ని మిల్లులు వచ్చినయి, దాంతోపాటు పిల్లలకు చెవి పోట్లు వచ్చినయి. ఎండకాలం వచ్చిందంటే పోరగాండ్లు బర్రెల లెక్క నీళ్ళలనే ఉండేటోళ్ళు. పొద్దుగూకినంక చెవి పట్టుకొని ఏడ్చుకుంట వచ్చేటోళ్ళు. తల్లులు చంకల పిల్లను, చేతుల చిన్న సీసాను పట్టుకొని మా వాకిట్ల కూసునేటోళ్ళు.

ఆ నూనె చేసే నాడు ఇంట్ల తడి అన్నది కనపడొద్దు. అత్త ఆ పొద్దు తలకు పోసుకునేది కాదు. పొయ్యి దగ్గర నీళ్ళ బిందె ఉంటే అవతలికి జరిపేది. నేను చేతులు కడుక్కొని వస్తే "సెయ్యి తుడుసుకున్నవా? ఏది సూపియ్యి" అని అరచేయి తిప్పి చూసేది. గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనెను ఇనుప గంటెల పోసి, మంట మీద కాదు, నిప్పుల మీద పెట్టేది. పొట్టు తీసి ఒకరోజు నీడకు ఆరబెట్టిన ఎల్లిపాయలు, ఇంత ఓమ, నీరు లేకుంట వాడిపోయిన వేపాకు. ఎల్లిపాయలు మొదలు తెల్లగ ఊగులాడుతయి, తర్వాత అంచులు పసుపైతయి, ఇగ బెల్లం రంగుకు వచ్చినప్పుడు దించాలె. నల్లగైతే ఆ గంటెడు నూనె పారబోసుడే. దించినంక దూది వత్తి ముంచి వెలిగించేది. వత్తి చిటపట అన్నదంటే నూనెల ఇంకా నీరున్నట్టు, మళ్ళ నిప్పుల మీదికి. చప్పుడు లేకుంట మెత్తగ మండితే అయినట్టు. పాత ధోవతి గుడ్డల వడగట్టి, గంటెను కిందపెట్టి, నా దిక్కు చూసేది. నాకు ఎరికయ్యేది. పోయి ఆమె తొడ మీద తల పెట్టి, ఆమె పొట్ట దిక్కు మొగం తిప్పి పండుకునేదాన్ని. ఎప్పుడూ అటే తిరిగేదాన్ని కాబట్టి ఎప్పుడూ ఎడమ చెవే పైకి వచ్చేది. ముందు తన ముంజేతి మీద ఒక చుక్క, తర్వాత నా చెవిల ఒక చుక్క. మంటున్నదా అని అడిగేది. లేదంటే ఇగ ఆ నూనె ఊరోళ్ళ పిల్లలకు.

ఇది ఆమె పెట్టుకున్న కట్టడి. ఒకసారి పక్కింటి సోమక్క "గా పిల్లకేం నొప్పి లేకపాయె, ఎందుకు పోస్తవే దానికి?" అని అడిగితే అత్త కండ్లు పెద్దగ చేసింది. "మన పిల్ల సెవుల పొయ్యనిది మంది పిల్లల సెవుల ఎట్ల పోస్తనే? సిగ్గుండొద్దూ?" అన్నది. సొంత బిడ్డ యాదమ్మ మరీ పసిది. నేను ఇంటి పిల్లను. "మన పిల్ల" అని అత్త అన్నప్పుడు నాకు కడుపు నిండినట్టు ఉండేది. ఆ తొడ మీద తల పెట్టుకునే ఆ కొంచెం సేపు కోసమే నేను ఎప్పుడు నూనె చేస్తదా అని చూసేదాన్ని. ఎల్లిపాయ వాసన, అత్త చీర కొంగుల తౌడు వాసన, చెవిల వెచ్చగ దిగే చుక్క. మంట పుట్టినా లేదనే చెప్పేదాన్నో ఏమో, ఇప్పుడు తెల్వదు.

అప్పుడే మా మిల్లు ఎదురుంగ ఒక డాక్టరు దవాఖాన పెట్టిండు. కోస్తా దిక్కు మనిషి. నుదురుకు గుండ్రటి అద్దం కట్టుకొని చెవులు, ముక్కులు చూస్తడని ఊరంత చెప్పుకున్నరు. మా అత్తకు పోటీ వచ్చిందని సోమక్క సంబురపడ్డది. అత్తకు ఆ రంధి లేదు. ఆమెకు ఇంకో ఆశ పుట్టింది. అంత చదువుకున్నాయన నోటితో "నీ నూనె మంచిది" అని ఒక్కమాట అనిపిచ్చుకోవాలె. ఒకరోజు నాకు తలదువ్వి, ఉతికిన గౌను తొడిగి, నూనె సీసా పట్టుకొని బయల్దేరింది.

"ఏవమ్మా, నీ నూనె గురించి వింటున్నాను" అన్నడు డాక్టరు, నవ్వుకుంట.

"మీరే సూసి సెప్పుండ్రి సారూ. చేసినప్పుడల్లా తొలి సుక్క గీ పిల్ల సెవులనే పోస్త. దాని సెవు ఎట్లున్నదో సూడుండ్రి, నా నూనె ఎట్లాంటిదో మీకే ఎరికైతది."

డాక్టరు కుడి చెవి చూసిండు. బాగుందన్నడు. అత్త మొగం వెలిగింది. ఎడమ చెవి చూసి ఆగిండు. దూది పుల్లతో తుడిచిండు. ముక్కు మూసుకొని గాలి బిగబట్టమన్నడు. నా చెవిల నుంచి సుయ్‌మని గాలి బయటికి వచ్చింది, సైకిల్ ట్యూబు లెక్క. "కర్ణభేరికి రంధ్రం ఉందమ్మా ఈ పిల్లకి" అన్నడు. అత్తకు ఆ మాట తెల్వలేదు. "బొక్క" అన్నడు. "బొక్క ఉన్న చెవిలో నూనె పోస్తే లోపలికి పోయి కుళ్ళుతుంది. ఇక పొయ్యకు."

"నా నూనెతోని పడ్డదా సారూ?"

"ఏం చెప్పను? ముందు నుంచీ ఉండి ఉండొచ్చు. దీనివల్ల పెరిగి ఉండొచ్చు."

అత్త నన్ను బయట బల్ల మీద కూసుండమన్నది. తను లోపలనే ఉన్నది, చానాసేపు. లోపలికి వేరే పిల్లలు పోతున్నరు, వస్తున్నరు, అత్త మాత్రం రాదు. వచ్చినంక నా చెయ్యి పట్టుకొని ఇంటికి నడిచింది. ఇంటికి వచ్చి సీసాల మిగిలిన నూనెను తలుపు బందులకు పోసింది. ఆ పొద్దు నుంచి మా తలుపులు చప్పుడు చేయలేదు, అత్త నూనె చేయలేదు.

తల్లులు ఊకుంటరా? "ముత్తవ్వా, పోరడు నిద్రపోతలేడు, జర పోయవా" అని బతిమిలాడేటోళ్ళు. "నూనె లేదు. దవాఖానకు పో" అనేది. "డాక్టరు ఏం మందు పెట్టిండే నీకు, నోరు పడిపోయింది?" అని సోమక్క సతాయించేది. కొన్ని రోజులకు ఆ దవాఖానలనే సీసాలు కడిగే పనికి కుదిరింది. ఊరోళ్ళకు నవ్వుకోను ఇంకో ముచ్చట దొరికింది.

ఆ దవాఖాన వెనక అర్రల కాంపౌండర్ జానీ సాబు మందులు కలిపేటోడు. అప్పుడు చుక్కల మందు ఇప్పటి తీరు దుకాణంల దొరికేది కాదు, ఎక్కడికక్కడ కలుపుడే. గ్లిజరిన్ సీసాను వేడినీళ్ళ గిన్నెల నిలబెట్టి పలుచగ చేసేటోడు. కార్బాలిక్ అనే గడ్డలను వేరే కరిగిచ్చి, గాజు కొలపాత్రల కంటికి సమానంగ ఎత్తిపట్టి కొలిచి, గ్లిజరిన్‌ల పోసి గాజుకడ్డీతో తిప్పేటోడు. చెవి నొప్పికి అది. ఆ వాసన మెదడుకు ఎక్కేది. "అత్తా, నీళ్ళ గిన్నె వేరే, మందు వేరే. ఇందుల నీళ్ళు కలిసినయనుకో, మందు కాదు, మంట. చెవిని కాలుస్తది" అని ఆయన మా అత్తకు మొదటి రోజే చెప్పిండు. మా అత్తకు తడి గురించి ఒకరు చెప్పాల్నా? కడిగిన సీసాలను మిల్లు కల్లంల ఎండకు బోర్లించేది. ఎండినంక ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి నాకు చూపిచ్చేది. "నీ కండ్లు సన్నయి, సూడు, లోపట సెమ్మ ఉన్నదా?" అనేది. జనం ఇంటి నుంచి తెచ్చిన సీసాల అడుగున నీళ్ళు కనపడితే మందు పోయనిచ్చేది కాదు. ఒకాయన మఠంపల్లి నుంచి బస్సుల వచ్చిండు, "ఎండేదాంక కూసోమంటవా, నాకు బస్సు పోతది" అని లొల్లి పెట్టిండు. "పోతే ఇంకోటి వస్తది. నీ బిడ్డకు సెవు ఇంకోటి రాదు" అని ఆయన సీసాను ఎండల పెట్టి, దానికి కావలి కూసున్నది. మరి చెవిల చుక్క వేయమని ఎవరన్న అడిగితే మాత్రం సీసా ముట్టేది కాదు. "సాబును అడుగుండ్రి" అని పక్కకు జరిగేది.

నన్ను తొడ మీద పండబెట్టుకునుడు గూడ ఆ రోజుతోనే బంద్ అయింది. పైంగ ఏం చెప్పాలన్నా చుట్టు తిరిగి నా కుడి దిక్కుకు వచ్చి చెప్పేది. బువ్వ తినేటప్పుడు, నడిచేటప్పుడు, పండుకునేటప్పుడు. ఆమె కుడి పక్కకు వచ్చినప్పుడల్లా నాకు ఆ బొక్క యాదికి వచ్చేది. అది చూసే నేను అనుకున్న, నన్ను చూస్తే ఈమెకు తప్పు చేసినట్టు అనిపిస్తున్నదని. అందుకే ఎన్నిమాట్ల అన్ననో. "అత్తా, మా అమ్మ ఉన్నప్పటి నుంచే నాకు కారుతుండె. నీ నూనెతో కాదు" అని. అత్త ఒకటే మాట. "ఊకో. తిను." నేను పెద్దగైనంక, పెండ్లి చేసుకొని సూర్యాపేట వచ్చినంక, పండుగకు పోయినప్పుడు గూడ అనేదాన్ని. అదే మాట. అనీ అనీ నాకే అనుమానం పట్టుకున్నది. అమ్మ ఉన్నప్పుడు కారింది నిజంగ నాకు యాదికి ఉన్నదా, అత్తను ఓదార్చనీకి నేను కల్పించుకున్ననా? అమ్మ కొంగుతో నా చెవి తుడుస్తున్నట్టు ఒక్క బొమ్మ కండ్ల ముందు ఉంటది. అది అమ్మనో అత్తనో చెప్పలేను. అడుగుదామంటే నాయిన గూడ లేడు.

అక్షరాలు నాకు నలభై దాటినంక వచ్చినయి. సూర్యాపేటల ఒక బడిల ఆయాగ చేసిన. ఒకటో తరగతి ఊడ్చుకుంట పంతులమ్మ బోర్డు మీద రాసింది చూసుకుంట నేర్చుకున్న. పిల్లలు నవ్వేటోళ్ళు, నవ్వనీ అన్న. కూడబలుక్కొని చదువుడు రాంగనే నేను మొదలు చదివింది కథల పుస్తకం కాదు, మందు సీసాల మీది కాగితాలు. ఇప్పుడు డాక్టరమ్మ రాసిన చుక్కల డబ్బ తెచ్చి చూస్తే చీమ తల అంత అక్షరాలు. మూత తీసిన నెలకు పారేయమని ఉన్నది. సీసా బొటనవేలంత. దానికే ముక్కు ఉన్నది, పిండితే చుక్క వస్తది. కలిపేటోడు లేడు, ఎండబెట్టేటోళ్ళు లేరు, తడి చెయ్యి అంటే తిట్టేటోళ్ళు లేరు. ఎక్కడో మిషిన్లు చేసినయి. మంచిదే, నేను కాదన. జానీ సాబు మందుకన్నా ఇదే నయం అయి ఉంటది. గని ఆ దినాలల్ల ఒక చుక్కకు ఇద్దరు మనుషులు కావాలె, పండుకునేటోళ్ళు ఒకరు, వేసేటోళ్ళు ఒకరు. ఇప్పుడు నేనొక్కదాన్నే అద్దం ముంగల మెడ వంచుకొని పిండుకుంటున్న. సగం మందు మెడ మీదికెల్లి జాకెట్లకు పోతున్నది.

చీము కొంచెం తగ్గినంక స్కానింగ్ తీసిండ్రు. డాక్టరమ్మ ఆ నల్లటి ఫిల్మును లైటుకు పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది. "ఇటు చూడండి. కుడి చెవి వెనక ఎముక తేనెపట్టు లెక్క గదులు గదులు ఉంది. ఎడమది చూడండి, గదులే లేవు, రాయి లెక్క ఉంది. చంటిపిల్లగా ఉన్నప్పుడే చెవి కారితే ఈ గదులు పెరగవు. మీ మేనత్త ఇంటికి మీరు ఎప్పుడు వెళ్ళారు?"

"పాలపండ్లు ఊడేటప్పుడు."

"అయితే జబ్బు అంతకు ముందుదే అయి ఉంటుంది. కచ్చితంగా రాసివ్వమంటే రాసివ్వను. నూనె మేలు చేసిందని గూడ అనను. కానీ మొదలు అది కాదు."

నేను ఆపరేషన్ ఎప్పుడో అడగలేదు. ఫిల్ము కవర్ల పెట్టించుకొని నేరుగ బస్టాండుకు పోయి కోదాడ బస్సు ఎక్కిన. యాదమ్మను కోదాడల ఇచ్చిండ్రు. అత్త ఆఖరి దినాలు దాని దగ్గరనే వెళ్ళినయి. అత్తకు చెప్పలేకపోయినా అత్త బిడ్డకన్న చెప్పాలె. ఫోన్ల చెప్పొచ్చు గని ఇట్లాంటి ముచ్చట ఫోన్ల చెప్తే నాకు నిద్ర పట్టదు. బస్సుల కిటికీ పక్క సీటు దొరికినా కూసోబుద్ధి కాలేదు. కండక్టరు "పెద్దమ్మా, కూసో, నువ్వు నిలబడితే బస్సు జల్ది పోదు" అన్నడు.

యాదమ్మ వాకిట్ల మిరపకాయలు తొడిమలు తీస్తున్నది. దానికి గూడ తల నెరిసింది. ఏండ్ల నుంచి కోదాడల ఉండి మాట ఆంధ్ర దిక్కు మళ్ళింది. "ఏంటి వదినా, ఫోనన్నా చేయకుండా వచ్చావ్! అన్నం తిన్నావా?" అన్నది. నేను అన్నం ముచ్చట పక్కన పెట్టి, ఫిల్ము తీసి ఎండకు పట్టి, తేనెపట్టు చూపిచ్చిన, రాయి చూపిచ్చిన. డాక్టరమ్మ అన్నది అన్నట్టే చెప్పిన. "అత్త నూనెతో కాదే యాదీ. మీ అమ్మ చెయ్యలేదు. పాపం, ఆమె ఆ బాధతోనే పోయింది" అన్న.

యాదమ్మ చేతుల మిరపకాయ కింద పెట్టలేదు. "ఏ బాధ?" అన్నది.

"నా చెవు ఖరాబు చేసిన్నని."

"ఎవరు చెప్పారు నీకు? అమ్మ ఎప్పుడూ అట్లా అనుకోలేదు. ఆ పిల్ల వచ్చిన నాడే దిండు మీద చీము మరక చూశాను అనేది. తెలిసే పోసింది, మానుతుందని. మరక తగ్గేసరికి మానిందనుకొనే డాక్టరుకు చూపించింది."

నేను ఆ ఎండలనే మిరపకాయల పక్కన కూలబడ్డ. "మరి నూనె ఎందుకు బంద్ పెట్టింది?"

"ఆ రోజు నిన్ను బయట కూర్చోబెట్టి లోపల ఏం చేసిందో తెలుసా? డాక్టరును బతిమిలాడి ఆ అద్దం తన నుదుటికి కట్టించుకుంది. వచ్చిన పిల్లల చెవులన్నీ వరసగా చూసింది. ఆయన నవ్వుతూ చూపించాడంట. ఒకదాంట్లో గులిమి, ఒకదాంట్లో చీము, ఒకదాంట్లో బియ్యపు గింజ. 'బయటికి అందరియి ఒక్కతీరే ఉంటయి బిడ్డా, లోపట ఒక్కోదానిది ఒక్కో కథ. నా దగ్గర గంటె ఉన్నది గని అద్దం లేదు. కనపడని కాడ ఇన్నేండ్లు ఎట్ల పోసిన్నే?' అనేది. ఊళ్ళో పిల్లల గురించే భయపడింది వదినా. నీ గురించి కాదు."

"మరి నాకు ఎందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగావు? వచ్చినప్పుడల్లా నీ నూనెతో కాదత్తా, నీ నూనెతో కాదత్తా అని ఓదార్చుడే గదా! 'దానికి నన్ను ఓదారిస్తే నిమ్మలంగ ఉంటది, ఓదార్సనీ' అనేది."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపమే ముందు వచ్చింది. "కుడి పక్కకే వచ్చి ఎందుకు మాట్లాడేదే మరి?" అని అరిచినట్టే అడిగిన. యాదమ్మ నన్ను ఎగాదిగ చూసింది. "ఎడమ పక్క నీకు వినపడదు గదా వదినా" అన్నది.

ఇన్నేండ్లు నేను మోసిన బరువు ఎవరిదో నాకే తెల్వదు. అత్త తన నిర్ణయం తను చేసుకొని నిమ్మలంగ ఉన్నది, నేను ఆమె మీద జాలిపడుకుంట తిరిగిన. తొడ మీద ఎందుకు పండబెట్టుకోలేదని అడగబోయి ఊకున్న. నూనె లేనప్పుడు ఎందుకు పండబెట్టుకుంటది?

"మందు వేసుకుంటున్నావా అసలు?" అని అడిగింది యాదమ్మ. సంచిలకెల్లి సీసా తీసిచ్చిన. పొద్దటి చుక్కలు వేసుకోలేదు. అది మిరపకాయల చేతులు సబ్బు పెట్టి కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, నన్ను మంచం మీద పక్కకు తిప్పి పండబెట్టింది. సీసాను అరచేతుల నడుమ కొంచెంసేపు రుద్ది వెచ్చ చేసింది. కుడి చెవి దిండుకు ఒత్తుకుపోయింది, ఎడమ చెవిల చుక్కలు పడ్డయి. మెడ మీదికి ఒక్క చుక్క పోలేదు.

యాదమ్మ నా ముంగలనే పీట వేసుకొని కూసొని ఏందో చెప్తున్నది. పెదవులు కదులుతున్నయి. చేతులు తిప్పుతున్నది, నుదుటి మీద అద్దం కట్టుకున్నట్టు పెడుతున్నది, నవ్వి కండ్లు తుడుచుకుంటున్నది. అత్త ముచ్చటే. ఒక్క మాట వినపడితే ఒట్టు. లేద్దామని చూస్తే భుజం పట్టి ఒత్తింది, మందు దిగాలె కదలకు అని సైగ చేసింది. "యాదీ, ఆగు! నేను లేచినంక మళ్ళ మొదటికెల్లి చెప్పు" అన్న. ఎంత గట్టిగ అన్ననో ఏమో, పక్కింటామె గోడ మీదికెల్లి తొంగి చూసింది.